లేచినాక చెప్పమ్మా

శుక్రవారం మధ్యాహ్నం పాటలు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కులోకి మారుతూ ఉండగా నేను ల్యాప్‌టాప్ మూత వేశాను.

ఎదురంగడిలో కాఫీ చెప్పడానికి లేచాను, అంతే. మదనపల్లెలో మా వీధి మీదుగా టమాటా లారీలు పోతాయి. ఆ దుమ్మంతా కీబోర్డు మీద పడుతుందని, కుర్చీలో నుంచి లేచినప్పుడల్లా మూత వేయడం నాకు అలవాటు. పాత మిషన్ ఉన్నప్పుడు ఈ అలవాటు వల్ల ఏ నష్టమూ జరగలేదు. మూత వేసినా నిద్రపోకుండా దానికి ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టాను. కొత్తది కొన్నాక ఆ ఏర్పాటు చేయడం మరిచిపోయాను. మరిచిపోయాను అనడం కూడా సరికాదు. ఇంక ఆ అవసరం లేదనుకున్నాను.

మూత పడగానే మిషన్ నిద్రలోకి పోయింది. అది నిద్రపోతే దానికి తగిలించిన డిస్కులకు కరెంటు ఆగిపోతుంది. ఇచ్చేది సగం ఇచ్చి, పుచ్చుకునేది సగం పుచ్చుకుని రెండూ ఆగిపోయాయి. పైగా నేను చేస్తున్నది కాపీ కూడా కాదు, కట్. కాపీ చేసి, సరిచూసుకుని, ఆ తర్వాత పాతదాన్ని చెరపడం మూడు పనులు. కట్ చేసి అతికిస్తే ఒకటే పని. ఇన్నేళ్లుగా డీటీపీ అంగడి నడుపుతున్నవాణ్ణి, ఈ సోమరితనంలో ఎంత ప్రమాదముందో తెలియనివాణ్ణి కాను. తిరిగి వచ్చి మూత తెరిస్తే రెండు డిస్కులూ కనిపించలేదు. పాతదాన్ని ఊడదీసి మళ్లీ గుచ్చితే, దీన్ని ఫార్మాట్ చేయాలి, చేయమంటావా అని అడిగింది. కొత్తదాంట్లో తెరుచుకునే పాట ఒక్కటీ లేదు.

ఆ డిస్కు ఒక ముసలి నర్సుది. ఆమె ఇప్పుడు లేదు. అందులో ఆమె ఊరూరా తిరిగి రికార్డు చేసిన పాటలున్నాయి. వాటికి ఇంకో కాపీ ఎక్కడా లేదు. కుప్పంలో ఒక బడిలో లెక్కలు చెప్పే ఆమె మేనకోడలు, వాటిని కొత్త డిస్కులోకి ఎక్కించుకుపోదామని ఆ ఉదయమే వచ్చింది. పని అయ్యేలోపు బజారుకు పోయి, తిరిగి వచ్చి నా ముఖం చూసింది.

“ఏమన్నా, అయిపోయిందా?”

“డిస్కు పాతదమ్మా,” అన్నాను. “లోపల పోయుండాది. నేను చేసేకి ఏమీ లేదు.”

పోయిందన్నది నిజమే. పోగొట్టింది నేనన్న మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది. ఆమె కాసేపు ఆ డిస్కు వైపే చూసింది. “అత్తతోనే పోయినాయిలే అన్నా. ఇంగ ఇది నాకెందుకు,” అని దాన్ని నా బల్ల మీదే వదిలేసి, కొత్తదాన్ని సంచిలో వేసుకుని బస్టాండుకు పోయింది.

ఆమె అత్తను అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆ దగ్గరలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. రవికకు పిన్నుతో తలకిందులుగా తగిలించిన చిన్న గడియారం ఉండేది. అది ఆగిపోయి ఏళ్లయింది. టైము తెలియాలంటే నన్నే అడిగేది.

“మరి అది పెట్టుకునేది యాలమ్మా?” అని ఒకసారి అడిగాను.

“ఇది లేకపోతే నాడి పట్టేకి చెయ్యి పైకి లేవదప్పా.”

రిటైరై ఎవరి నాడి చూస్తుందో నేను అడగలేదు.

చేతిలో పట్టేంత వాయిస్ రికార్డరు ఒకటి పట్టుకుని పుంగనూరు, బి.కొత్తకోట, కుప్పం వైపు పల్లెలకు బస్సుల్లో తిరిగేది. ఆ పల్లెల్లో చిన్న చిన్న క్రైస్తవ సంఘాలు. వేరుశనగ పీకే ఆడవాళ్లు, రాగిచేలో కలుపు తీసే ఆడవాళ్లు కీర్తనల్ని తమ పని పాటల వరసల్లోకి తిప్పుకుని పాడతారు. పాడేవాళ్లు అంటే సరిపోతుందేమో. ఇప్పుడు ప్రతి చోటా కీబోర్డూ డ్రమ్ములూ వచ్చాయి. ముసలివాళ్లు వెనక వరసలో కూర్చుని పెదవులు మాత్రం కదిలిస్తారు. సిస్టరమ్మ ఆ వెనక వరసవాళ్ల ఇళ్లకు పోయి పాడించుకునేది.

“అయ్యగార్ల పాటలు పుస్తకంలో ఉండాయి. వీళ్లవి యాడుండాయి?” అనేది. అయ్యగార్లంటే వాళ్ల పాస్టర్లు. తను మాత్రం పాడేది కాదు. తన గొంతు గేదె గొంతని చెప్పేది. అది అబద్ధం కాదు.

రికార్డరులోని పాటల్ని డిస్కులోకి ఎక్కించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది. ఎక్కడం మొదలయ్యాక “పోయి రాండమ్మా, టైం పడతాది” అంటే కదిలేది కాదు. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని తెరకు ఎదురుగా కూర్చునేది. ఎంత ఎక్కిందో చూపే పచ్చ గీత ఎడమ నుంచి కుడికి జరుగుతుంటే చూస్తూ ఉండేది. తెర ఆరిపోతే చూపుడువేలితో మౌసును కొంచెం కదిపేది, పడుకున్నవాళ్ల దుప్పటి సర్దినంత మెల్లగా.

“ముట్టుకోకపోయినా ఏం గాదమ్మా. తెర ఒకటే ఆరింది. లోపల పని జరుగుతానే ఉండాది.”

“నీకెట్ల తెలుసు?”

“తెలుసు.”

“కండ్లు మూసుకోని ఉండాడంటే నిద్రో, ఇంగోటో, చెయ్యి పెట్టి సూడల్ల. నీ మాదిరి కుర్చీలో కూర్చోని తెలుసు అంటే అయిపోదు, డాక్టరు గారూ.”

నా మీద కోపం వస్తే నన్ను డాక్టరు గారూ అనేది. డాక్టర్ల మీద ఆమెకు గొప్ప అభిప్రాయం లేదు.

ఒకసారి ఆమె గెలిచింది. ఇద్దరం మాటల్లో పడ్డాం. కాసేపటికి చూస్తే మిషన్ నిజంగానే నిద్రపోయి ఉంది, పాట మధ్యలో ఆగి ఉంది. ఆ రోజు ఆమె ముఖం వెలిగిపోయింది. పాట ఆగినందుకు బాధ పడడం కూడా మరిచిపోయింది. కంప్యూటరు నిద్రలో చాలా రకాలున్నాయని ఆమెకు చెప్పవలసి వచ్చింది. తెర ఒక్కటే ఆరడం ఒకటి. వాడకంలో లేదనుకుని పక్కన తగిలించిన వాటికి మాత్రం కరెంటు తగ్గించడం ఒకటి. అంతా ముడుచుకుని పడుకోవడం ఒకటి. ఏది ఎప్పుడు జరగాలో మనమే చెప్పుకోవచ్చు.

ఆమె శ్రద్ధగా విని, “వార్డులో మేం చేసేదే గదా,” అంది. “లైట్లు ఆర్పేస్తాం. పేషెంట్లు పడుకుంటారు. సెలైను మాత్రం ఎక్కతా ఉండల్ల. దానికోసరం సిస్టరు మేలుకోనుంటాది. నువ్వు లైట్లు ఆర్పుకోప్పా, నాకేం లేదు. సిస్టరును పడుకోనీవద్దు.”

ఆ సెట్టింగులు మార్చాను. మూత వేసినా సరే, పక్కన తగిలించినదానికి కరెంటు ఆగకుండా చేశాను. అప్పటి నుంచి ఆమె అంగడిలోకి వస్తూనే, “నైట్ డ్యూటీ పెట్టినావా?” అని అడిగేది. ఎదురంగడి వాళ్లకు కూడా ఆ మాట అలవాటైంది. పట్టపగలు నైట్ డ్యూటీ ఏమిటని నవ్వేవాళ్లు.

సెట్టింగు మార్చినా ఆమె స్టూలు వదల్లేదు. ఒకరోజు విసుగొచ్చి, ఇది ఎలా పనిచేస్తుందో చూపిద్దామని ఆమె ముందే మూత వేయబోయాను. ఆమె గబుక్కున చెయ్యి మధ్యలో పెట్టింది.

“నా చెయ్యి ఉండాది. మూయి సూద్దాం.”

“పనిచేస్తాదమ్మా, సూడండి.”

“మూయి.”

మూయలేదు.

ఆమెకు అన్నీ తెలుసని కాదు. డిస్కుకు దుమ్ము తగులుతుందని ఒకసారి నేను చూడకుండా దాని మీద చేతిరుమాలు రెండు మడతలు వేసి కప్పింది. అది కాలిపోయేంత వేడెక్కింది. నేను అరిస్తే, “జొరం వస్తే నా మీద పడతావేం,” అని మూతి తిప్పుకుంది. కాఫీ తెప్పించినా తాగలేదు. చల్లారాక, నేను చూడటం లేదనుకున్నాక తాగింది.

ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను. ఏదో కథ ఉంటుందని నా నమ్మకం. ఎప్పుడో ఒక రాత్రి కునుకు పట్టిందని, ఎవరికో ఏదో అయ్యిందని, అది మనసులో ముల్లులా ఉందని. అలాంటిది వినడానికి సిద్ధంగా ముఖం పెట్టుకున్నాను.

“ఏమీ జరగలే అప్పా,” అంది. “నేను కూర్చున్న్యాను గదా, ఇంగేం జరుగుతాది?”

తర్వాత నేను వేగంగా పనిచేసే తీగ ఒకటి తెచ్చాను. పాటలన్నీ చిటికెలో ఎక్కిపోయాయి. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. “ఇంత బిరీన అయిపోతే అన్నీ వచ్చుంటాయా?” అని అనుమానంగా తెర వైపు చూసింది. స్టూలు మీద నుంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి, గొడుగు తీసుకుని వెళ్లింది. తర్వాతి సారి వచ్చినప్పుడు, “ఆ పాత తీగే పెట్టుకో అప్పా. అదైతే నమ్మకం,” అంది. నేను నవ్వాను. పాత తీగ పెట్టాను కూడా. ఆమెకు కావలసింది తీగ కాదని, ఇంకొంచెం సేపు ఎవరి పక్కనైనా కూర్చోవడమని అప్పుడు నాకు తట్టలేదు. ప్రతి క్రిస్మస్‌కూ “మా ఇంటికి రా అప్పా, ఈ ఏడన్నా” అని పిలిచేది. వస్తానని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. ఆ గది ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు.

పాట ఎక్కాక దానికి పేరు పెట్టడం మరో పెద్ద పని. ఊరి పేరు, పాడినామె పేరు, ఆమెను ఎవరూ పేరుతో పిలవకపోతే ఎలా పిలుస్తారో అది. ‘రామకుప్పం పక్క, పండ్లు లేని ఎలీశమ్మ.’ ‘పుంగనూరు, కోళ్లమ్మ, కోళ్లు గూడా వినపడతాయి.’ ఇంత పొడుగు పేరు వద్దమ్మా అంటే, “నీ పేరు కత్తిరించి రాస్తే నువ్వు ఊరుకుంటావా?” అనేది. నేను టైపు చేసి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం చదివేది.

చివరిసారి వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చోలేదు. రికార్డరూ డిస్కూ బల్ల మీద పెట్టి, “ఈసారి నువ్వే కూర్చో అప్పా, నాకు నడుము నొప్పి, కూర్చోలేను,” అని వెళ్లింది. నేను కూర్చోలేదు. పని ఏ పొరపాటూ లేకుండా అయింది. రెండు మూడు రోజులకు ఆమె ఫోనుకు మెసేజ్ పెట్టాను: ‘సిస్టరమ్మా, పాటలు ఎక్కినాయి. వచ్చి తీసుకోండి.’

జవాబు వచ్చింది. మేనకోడలు రాసింది: ‘అత్త నిద్రించింది అన్నా.’

నేను రాశాను: ‘సరే, లేచినాక చెప్పమ్మా.’

‘అట్లే అన్నా,’ అని వచ్చింది.

నడుము నొప్పి అంది కదా, మందేసుకుని పడుకుని ఉంటుందనుకున్నాను. తర్వాత ఆమె రాకపోతే కొంచెం విసుక్కున్నాను కూడా. కొన్నాళ్లకు ఇక్కడి వాళ్ల సంఘం వాళ్లు, పోయినవాళ్ల జ్ఞాపకంగా జరిపే ఆదరణ కూడిక కార్డు వేయించుకోవడానికి నా అంగడికే వచ్చారు. కాగితంలో సిస్టరమ్మ ఫొటో ఉంది. ‘ప్రభువునందు నిద్రించిరి’ అని నా వేళ్లతో నేనే టైపు చేశాను. అంతకు ముందు ఎన్ని కార్డుల మీద ఆ మాట టైపు చేశానో లెక్క లేదు. అక్షరాలుగా చూసినవాడికి అది మాటగా ఎప్పుడూ కనిపించలేదు. ఆ మాటకు వాళ్లలో అర్థం చావు అని తెలిసి కూడా, ఒక మనిషి గురించి, నాకు తెలిసిన మనిషి గురించి చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. అప్పటికి ఆమెను పూడ్చి చాలా రోజులైంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం ఉదయం మేనకోడలు వచ్చి కూర్చుని, నేనడగకుండానే ఆ మాటెత్తింది.

“మీరు రాసింది కుప్పంలో మా అయ్యగారికి చూపించినానన్నా. సమాధి కాడ అందరికీ చదివి వినిపించినారు. మనోడు కాకపోయినా లేచినాక చెప్పమన్నాడు, సూడండి పునరుత్థానం మీద ఆయన విశ్వాసం, అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.”

నేను తల వంచుకున్నాను. ఆమె దాన్ని వినయం అనుకుంది. అది పొరపాటున రాసిన మాట అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు. చెప్పకపోగా, లోపలెక్కడో కొంచెం బాగానే అనిపించింది. ఈమెకు మంచి కాఫీ తెప్పించాలనిపించింది. మధ్యాహ్నం ఆమె బజారుకు పోగానే, వచ్చేసరికి కాఫీ ఉండాలని లేచి, మూత వేశాను. అంత మంచివాణ్ణని నమ్మిన మనిషి ముందు, నా చేతి వల్లే పోయిందని అదే రోజు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

శనివారం అంగడిలో వేరే పని ముట్టుకోలేదు. పోయినవాటిని వెతికి తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, ఆ పాత డిస్కును అంచెలంచెలుగా చదివించాను. డిస్కులో పాటలు చెరిగిపోలేదు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఒక్కటే పాడైంది. సాయంత్రానికి దాదాపు అన్నీ బయటికి వచ్చాయి. పేర్లు మాత్రం రాలేదు. పట్టికతో పాటే అవీ పోయాయి. ఎలీశమ్మ ఎవరో, కోళ్లమ్మ ఎవరో లేకుండా వరస అంకెలతో గొంతులు మాత్రం వచ్చాయి. సిస్టరమ్మ ఒక్కో అక్షరం చదివి ఒప్పుకున్న పేర్లు అవి. నాకు ఒకటి రెండు తప్ప గుర్తు లేవు.

ఆదివారం తెల్లారి బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయాను. వస్తున్నానని ఫోన్ చేసి ఉంటే మేనకోడలు స్కూటీ మీద బస్టాండుకు వచ్చింది. అక్కడే, అరటిపండ్ల బండి పక్కన నిలబడి చెప్పాను.

“డిస్కు దానంతట అది పోలేదమ్మా. మూత నేనే ఏసినాను. నీకు అబద్ధం చెప్పినాను. పాటలు మళ్లీ దొరికినాయి, పేర్లే పోయినాయి.”

ఆమె స్కూటీ దిగి స్టాండు వేసింది.

“ఇంగోటి. మీ అత్త నిద్రపోతాండాదనే అనుకుంటి. నిజంగానే. లేచినాక చెప్పమంటే, సాయంత్రం లేచినాక అని.”

ఆమె ముఖం ఎర్రబడింది. కోపమో ఏడుపో తెలియలేదు. తల పక్కకు తిప్పుకుంది. “ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్న్యానో తెలుసా అన్నా,” అంది. తర్వాత, “చర్చిలో గూడా చెప్తారా? అయ్యగారి ముందర?” అని అడిగింది.

చెప్పాను. ఆరాధన అయ్యాక, అయ్యగారు మాట్లాడమంటే లేచి నిలబడి, రాసిన మాటకు నా మనసులో ఉన్న అర్థం ఏమిటో చెప్పాను. మూత సంగతీ చెప్పాను. అయ్యగారు నేల చూపులు చూశారు. వెనక వరసలో ఒక ముసలామె పక్కనామెను అడిగింది, “ఏమంటాండాడు?”

“సిస్టరమ్మ పడుకోనుండాది అనుకున్న్యాడంట.”

“అందులో తప్పేముండాది? మనమూ అదే గదా అంటాండేది.”

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. క్షమించారో లేదో కూడా తెలియలేదు. కొందరు ముఖం చూడకుండానే బయటికి వెళ్లిపోయారు. మేనకోడలు మాత్రం తలుపు దగ్గర నిలబడి ముసలివాళ్లను వెనక్కు పిలిచింది.

చిన్న స్పీకరు పెట్టి ఒక్కో పాట వినిపించాం. వాళ్లు గొంతులు పట్టేశారు. “అది మా చిన్నమ్మ.” “అది మా వదిన, పోయినేడు పోయింది.” ఒక గొంతు ఎవరిదో ఇద్దరు వాదులాడుకున్నారు, రెండోసారి పెడితే ఒకామె ఒప్పుకుంది. నేను టైపు చేస్తుంటే మేనకోడలు నా భుజం మీదుగా చూస్తూ తప్పులు దిద్దింది. పుంగనూరు వాళ్ల గొంతులు ఇక్కడ ఎవరికీ తెలియవు. వాటిని పక్కన పెట్టాను, అక్కడికి పోవాలి.

ఒక ఫైలులో పాట లేదు. మొదట సిస్టరమ్మ గొంతు వచ్చింది. “పాడమ్మా, ఎవురూ లేరు, నేనొకదాన్నే,” అంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడో ఒక పంపు మోటారు. గాలి. సిస్టరమ్మ మళ్లీ అడగలేదు. ఆపనూ లేదు. అది అలా నడుస్తూనే ఉంది.

ఇది పాడైన ఫైలేమో, తీసేద్దామనుకుని చెయ్యి పెట్టాను. గోడకు ఆనుకుని కూర్చున్న ఒకామె, అంతవరకూ నోరు విప్పనామె, అంది.

“అది నేనప్పా.”

అందరం ఆమె వైపు చూశాం.

“ఆ పొద్దు నోరు రాలే నాకు. అక్క అంతసేపూ కాచుకోనుండె.”

“ఇప్పుడు పాడు పిన్నమ్మా,” అంది మేనకోడలు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“మరి దీనికేమని రాసేదమ్మా?” అని అడిగాను.

“పాడలేదని రాసుకో.”

ఆమె ఊరు అడిగాను, పేరు అడిగాను. రెండూ రాసి, పక్కన ‘పాడలేదు’ అని టైపు చేసి, తెర ఆమె వైపు తిప్పి చూపించాను.